గాజు పలక మీద సముద్రం: పెత్రోవ్ చిత్రం - ఒక చారిత్రక పరిశీలన

సాహిత్యం నుంచి ఒక చలనచిత్రం పుట్టినప్పుడల్లా సాహితీపరుల నోట ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది: మూలంలో ఉన్నది తెర మీద లేదని. ఈ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. అయితే అక్కడే ఆగిపోయే విమర్శ వల్ల కళాచరిత్రకు ఒరిగేది స్వల్పం. ఒక కథ ఒక రూపం నుంచి మరో రూపంలోకి మారేటప్పుడు ఏది జారిపోయింది అని అడగటంతోబాటు, ఆ మార్పు ఎవరి చేతుల మీదుగా జరిగింది, ఎవరి డబ్బుతో జరిగింది, ఏ చారిత్రక దశలో జరిగింది అని కూడా అడగాలి. అప్పుడుగాని వస్తువుకూ రూపానికీ ఉన్న సంబంధం మనకు బోధపడదు.

ఈ దృష్టితో పరిశీలించదగిన చిత్రం ఒకటుంది. అలెగ్జాండర్ పెత్రోవ్ అనే రష్యన్ చిత్రకారుడు, హెమింగ్వే నవలిక 'ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ' ఆధారంగా 1999లో పూర్తిచేసిన ఇరవై నిమిషాల బొమ్మల చిత్రం అది. గాజు పలకల మీద తైలవర్ణాలతో, చాలా భాగం వేలికొసలతోనే చిత్రించినది. 2000లో దానికి ఆస్కార్ బహుమతి వచ్చింది. అదే ఏడు ఫ్రాన్సులోని అన్నెసీ యానిమేషన్ ఉత్సవంలో అగ్ర బహుమతీ దక్కింది. బహుమతులు రావటంవల్ల ఏ కళాఖండమూ గొప్పదైపోదు. ఈ చిత్రం మనకు ముఖ్యం కావటానికి కారణం వేరు. ఒక కష్టజీవి కథను అంతకు తీసిపోని కాయకష్టంతో ఒక కళాకారుడు తిరిగి చెప్పాడు. ఒక వ్యవస్థ కూలిపోయి మరొకటి ఆక్రమిస్తున్న రోజుల్లో చెప్పాడు. ఆ రెండు విషయాలూ చిత్రంలో కనిపిస్తాయి.

వార్త నుంచి నవలిక దాకా

ముందు కథకున్న చరిత్ర చూద్దాం. 1936 ఏప్రిల్‌లో 'ఎస్క్వైర్' పత్రికకు రాసిన ఒక వ్యాసంలో హెమింగ్వే క్యూబా తీరంలో విన్న సంగతి ఒకటి క్లుప్తంగా చెప్పాడు. ఒక ముసలి జాలరి ఒంటరిగా వేటకు వెళ్లాడు. పెద్ద మార్లిన్ చేప అతని గాలానికి పడి, పడవను దూరం లాక్కుపోయింది. చివరికి చేపను చంపి పడవకు కట్టుకున్నాడుగాని, సొరచేపలు చుట్టుముట్టి తినేశాయి. మిగతా జాలర్లు అతన్ని కనుక్కునేసరికి పడవలో కూచుని పిచ్చివాడిలా ఏడుస్తున్నాడు. ఇది వార్త. పదహారేళ్ల తర్వాత, 1952 సెప్టెంబరు 1 నాటి 'లైఫ్' పత్రిక సంచికలో నవలిక మొత్తం ఒకేసారి అచ్చయింది. ఆ సంచిక 50 లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. 1953లో పులిట్జర్, 1954లో నోబెల్ బహుమతి రచయితను వరించాయి.

ఇక్కడ గమనించవలసినది ఏమంటే, వార్త నవలికగా మారినప్పుడు జరిగింది కేవలం విస్తరణ కాదు. వార్తలో ముసలివాడు ఏడుస్తాడు. నవలికలో ముసలివాడు ఏడవడు. అతని చేతుల గాయాలు చూసి కుర్రవాడు మనోలిన్ ఏడుస్తాడు. దుఃఖం ఒక మనిషి నుంచి మరొక మనిషికి చేరింది. ఒంటరి ఓటమి కాస్తా ఇద్దరి మధ్య అనుబంధమైంది. 84 రోజులు చేప పడనివాడిని ఊరు దురదృష్టవంతుడంది. తల్లిదండ్రులు కుర్రవాడిని మరో పడవకు పంపేశారు. అయినా ఆ కుర్రవాడు తిండి తెచ్చిపెడుతూనే ఉన్నాడు. హెమింగ్వేను వ్యక్తివాది అని తోసిపుచ్చేవారు ఈ కుర్రవాడిని మరచిపోతారు.

నవలికలో మరొక సూక్ష్మమైన అంశం ఉంది. శాంటియాగో సముద్రాన్ని స్పానిష్ భాషలో స్త్రీలింగంతో పిలుస్తాడు. ప్రేమించేవాళ్లు పిలిచే పిలుపు అది. సొరచేపల కాలేయం మంచి ధర పలికిన రోజుల్లో మరపడవలు కొనుక్కున్న కుర్ర జాలర్లు అదే సముద్రాన్ని పుంలింగంలో, ఒక ప్రత్యర్థిలాగా, ఒక స్థలంలాగా పిలుస్తారు. ఉత్పత్తి సాధనం మారితే వ్యాకరణం మారిందన్నమాట! ఒక్క లింగభేదంలో ఇంత ఆర్థిక చరిత్ర ఇమిడ్చిన రచయితను సామాజిక స్పృహ లేనివాడనటం సబబు కాదు. తెలుగులో సముద్రం అనే మాటకు ఈ సౌలభ్యం లేదు. కాని మన తీరంలో వేటకెళ్లే గంగపుత్రులు గంగమ్మ తల్లి అంటారు. శాంటియాగో పిలుపు వాళ్లకు వివరించనక్కరలేదు.

ప్లాటొనోవ్ ఆవు

పెత్రోవ్ 1957లో యారస్లావ్ ప్రాంతంలోని ప్రెచిస్తొయె అనే గ్రామంలో పుట్టాడు. మాస్కోలోని ప్రభుత్వ చలనచిత్ర విద్యాసంస్థలో కళాదర్శకత్వం చదివాడు. యెరెవాన్‌లోనూ స్వెర్ద్‌లోవ్‌స్క్‌లోనూ స్టూడియోలలో పనిచేశాడు. తర్వాత మాస్కోలో దర్శకుల ఉన్నత శిక్షణ తరగతుల్లో యూరీ నార్‌స్టైన్ దగ్గర చదువుకున్నాడు. 'పొగమంచులో ముళ్లపంది' (1975), 'కథల కథ' (1979) తీసిన నార్‌స్టైన్ యానిమేషన్‌ను పిల్లల కాలక్షేపం స్థాయి నుంచి కవిత్వం స్థాయికి తెచ్చినవాడు. అతను గొగోల్ 'ఓవర్‌కోటు'ను 1981లో మొదలుపెట్టాడు. నాలుగు దశాబ్దాలు దాటినా అది పూర్తికాలేదు. గొప్ప సాహిత్యాన్ని బొమ్మల్లోకి తేవటం ఎంత బరువైన పనో గురువును చూసే శిష్యుడు నేర్చుకుని ఉండాలి.

1989లో పెత్రోవ్ పట్టా కోసం తీసిన తొలి చిత్రం 'ఆవు'. దానికి మూలం ఆంద్రెయ్ ప్లాటొనోవ్ కథ. రైలు కట్ట పక్కన కాపలాదారు కుటుంబం, వాళ్ల ఆవు, దాని దూడ. దూడకు జబ్బు చేస్తుంది. తండ్రి దాన్ని వైద్యానికి తీసుకెళ్లి చివరికి మాంసానికి అమ్మి వస్తాడు. దూడ కోసం బెంగపెట్టుకున్న ఆవు రైలు కింద పడుతుంది. ఆ ఇంటి పిల్లవాడు బడిలో రాసిన నాలుగు మాటల వ్యాసంలో ఆవు తమకు ఏమేమి ఇచ్చిందో చెబుతాడు. పాలూ, బిడ్డా, మాంసమూ, చర్మమూ అన్నీ ఇచ్చేసిందంటాడు. పేదవాడి ఇంట్లో ప్రేమకూ అవసరానికీ మధ్య జరిగే ఘర్షణను ఇంత తక్కువ మాటల్లో పట్టుకున్న కథలు అరుదు. గాజు మీద తడి రంగుల్లో ఆ కథకు పెత్రోవ్ రూపమిచ్చాడు. ఆ తొలి చిత్రమే ఆస్కార్ తుది జాబితాకు చేరింది.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. ఒక గ్రామంలో పుట్టిన కుర్రవాడికి చిత్రలేఖనమూ చలనచిత్రమూ నేర్పి, లాభం లెక్క చూడకుండా పది నిమిషాల చిత్రం కోసం స్టూడియో తలుపు తెరిచింది సోవియట్ వ్యవస్థ. అదే వ్యవస్థ ప్లాటొనోవ్‌ను నలిపేసింది కూడా. వొరోనెజ్ రైల్వే కార్మికుడి కొడుకు, భూమికి నీళ్లు పెట్టే పనిలో ఇంజనీరుగా చెమటోడ్చినవాడు, విప్లవాన్ని గుండెలనిండా నమ్మినవాడు ప్లాటొనోవ్. 1930 ప్రాంతంలో ఆయన రాసిన 'పునాది గొయ్యి' నవల సోవియట్ దేశంలో అచ్చయింది 1987లో. అప్పటికి ఆయన చనిపోయి 36 ఏళ్లు. 1989లో పెత్రోవ్ ప్లాటొనోవ్ కథను ఎంచుకోవటం కాకతాళీయం అనుకోనక్కరలేదు. మూసిన పెట్టెలు తెరుచుకుంటున్న కాలం అది. అభ్యుదయాన్ని కోరేవాళ్లం కాబట్టే ఈ రెండు ముఖాలనూ మనం చూడాలి. ఒకదాన్ని చూసి రెండోదాన్ని దాచటం చరిత్ర రచన కాదు, ప్రచారం.

మాంట్రియల్‌లో ముసలివాడు

1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైంది. 1992లో పెత్రోవ్ దాస్తోయెవ్‌స్కీ కథ ఆధారంగా 'ఒక హాస్యాస్పదుడి కల' తీశాడు. అంతలోనే ప్రభుత్వ స్టూడియోలకు నిధుల ఊటలు ఎండిపోయాయి. హెమింగ్వే నవలికను తెరకెక్కించడానికి పెత్రోవ్ కెనడాలోని మాంట్రియల్‌కు వెళ్లాడు. పాస్కల్ బ్లే స్టూడియో నిర్మాణానికి పూనుకుంది. జపాను సంస్థలు డబ్బు పెట్టాయి. యారస్లావ్‌లో పెత్రోవ్ నెలకొల్పుకున్న 'పనోరమా' స్టూడియో భాగస్వామి అయింది. క్యూబా జాలరి, అమెరికా రచయిత, రష్యా చిత్రకారుడు, కెనడా నేల, జపాను పెట్టుబడి! శతాబ్దాంతంలో కళకు పట్టిన గతికీ, దొరికిన అవకాశానికీ ఇంతకు మించిన ఉదాహరణ వెతకనక్కరలేదు.

మాంట్రియల్‌కు ఈ కళలో అంతకుముందే ఒక చరిత్ర ఉంది. కెనడా జాతీయ చలనచిత్ర మండలిలో కరొలిన్ లీఫ్ అనే కళాకారిణి 1976లోనే గాజు మీద రంగులు కదిలిస్తూ 'ది స్ట్రీట్' తీసింది. అది మొర్దెకాయ్ రిచ్లర్ కథకు అనుసరణ. చావుబతుకుల్లో ఉన్న అమ్మమ్మ గది ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూసే పిల్లవాడి కథ. మరుసటి ఏడు ఆమె ఇసుకతో కాఫ్కా 'రూపాంతరం'ను తెరకెక్కించింది. కాబట్టి పెత్రోవ్ ఆకాశం నుంచి ఊడిపడిన మేధావి కాడు. ఒక ప్రక్రియ చేతులు మారుతూ, దేశాలు దాటుతూ పెరిగింది. కళలో వ్యక్తి ప్రతిభ ఎంత గొప్పదైనా అది సామూహిక అనుభవం మీదనే నిలబడుతుందన్న సూత్రానికి ఇది మంచి తార్కాణం.

చెరిగిపోయే బొమ్మలు

పని జరిగే తీరు తెలిస్తేగాని ఈ చిత్రాన్ని అంచనా వెయ్యలేం. కింద దీపం, పైన గాజు పలక. ఒకదాని మీద ఒకటి వేర్వేరు ఎత్తుల్లో పలకలు. ఒకదాని మీద సముద్రమో ఆకాశమో, మరొకదాని మీద మనిషి. త్వరగా ఆరని తైలవర్ణాన్ని వేలితో పులుముతూ, తుడుస్తూ బొమ్మ తేవాలి. సన్నని పని ఉన్నచోట కుంచె. పైనున్న కెమెరాతో ఆ బొమ్మను ఫొటో తియ్యాలి. తర్వాత అదే తడి రంగును రవ్వంత జరిపి తర్వాతి బొమ్మ చెయ్యాలి. మళ్లీ ఫొటో. ముందటి బొమ్మ ఇక లేదు. దాన్ని చెరపనిదే తరవాతి బొమ్మ రాదు. తప్పు జరిగితే వెనక్కి వెళ్లే దారి లేదు.

1997 మార్చి నుంచి 1999 ఏప్రిల్ వరకు పెత్రోవ్, కొడుకు దిమిత్రి తోడుగా, 29,000కు పైగా బొమ్మలు ఇలా చిత్రించాడు. లెక్క వేసి చూడండి. సెకనుకు 24 బొమ్మలు. ఆ రెండేళ్ల పైచిలుకు కాలంలో ఒక్క రోజు కూడా సెలవు లేదనుకున్నా రోజుకు 40 బొమ్మలు రావు. అంటే పొద్దుట నుంచి రాత్రిదాకా చేసిన పని తెర మీద రెండు సెకన్లు కూడా ఉండదు. పైగా ఇది ఐమాక్స్ అనే పెద్ద తెర కోసం తీసినది. దాని ఫిల్ము చట్రం మామూలు 35 మిల్లీమీటర్ల చట్రానికి దాదాపు పది రెట్లు. అందుకని మామూలుగా వాడే కాగితమంత పలక చాలక, దానికి నాలుగు రెట్ల పలక మీద చిత్రించాల్సి వచ్చింది. కంప్యూటరుతో కదిలే కెమెరా పీఠాన్ని ప్రత్యేకంగా తయారు చేయించారు. ఆ పెద్ద తెర కోసం వచ్చిన తొలి యానిమేషన్ చిత్రంగా దానికి పేరు వచ్చింది. అతి నవీనమైన యంత్రం, అతి ప్రాచీనమైన వేలు - రెండూ ఒకే బల్ల దగ్గర కలిశాయి.

శాంటియాగో పనికీ ఈ పనికీ ఉన్న సామ్యం ఎవరికైనా స్ఫురిస్తుంది. అతను మూడు పగళ్లు తాడు పట్టుకుని కూచున్నాడు, అరచేతులు కోసుకుపోయాయి, ఎడమ చెయ్యి కొంకర్లు పోయింది. చివరికి ఒడ్డుకు చేరింది అస్థిపంజరం. పెత్రోవ్ చేతుల కింద కూడా వేల బొమ్మలు పుట్టి వెంటనే చచ్చిపోయాయి. ఒడ్డుకు చేరింది ఇరవై నిమిషాల నీడ. అయితే ఈ సామ్యాన్ని మరీ సాగదీయకూడదు. చిత్రకారుడికి జీతమూ బహుమతీ వచ్చాయి. జాలరికి ఆ రాత్రి తినడానికి కూడా లేదు. కళాకారుడి శ్రమనూ కూలివాడి శ్రమనూ ఒకే గాటన కట్టటం మనలో చాలామందికి ఉన్న తీపి బలహీనత.

అందం మీద ఆరోపణ

ఈ చిత్రం మీద వెయ్యదగిన పెద్ద ఆరోపణ ఒకటుంది. హెమింగ్వే వచనం ఎండిన చెక్కలాంటిది. విశేషణాలు పీకేసి, చిన్న వాక్యాలతో నడిచేది. పెత్రోవ్ బొమ్మ అందుకు పూర్తిగా భిన్నం. ప్రతి కెరటంలో వెలుగు. ప్రతి మబ్బులో వంద రంగులు. ముసలివాడి కలలో సింహాలు బంగారంలా మెరుస్తాయి. పేదరికాన్ని ఇంత అందంగా చూపించటం న్యాయమా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు, తరగతి గదిలో ఎదురైంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఉన్నత పాఠశాలలో పదో తరగతి పిల్లలకు ఈ చిత్రం చూపించాను. కొందరు రంగులు చూసి ముచ్చటపడ్డారు. ఆ చేప మన రేవుల్లో దొరికే కొమ్ముకోనెం లాంటిదేనని ఒకరిద్దరు గుర్తుపట్టారు. వేటకెళ్లే ఇంటి కుర్రవాడొకడు మాత్రం లేచి, "ఆ చేప ఎంతకి పోయేది మాస్టారూ?" అని అడిగాడు. మిగతా పిల్లలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ ప్రశ్నకు జవాబు నవలికలో ఉంది. సొరచేపలు రాకముందు శాంటియాగో చేప బరువు అంచనా కట్టి, శుభ్రం చేస్తే మూడింట రెండు వంతులు మిగులుతుందనుకుని, పౌను 30 సెంట్ల చొప్పున లెక్క వెయ్యబోతాడు. ఆ లెక్క తెగక, దానికి పెన్సిలు కావాలంటాడు. ఒక శీతకాలమంతా ఒక మనిషిని పోషించే చేప అది. కుర్రవాడు అడిగిన ఆ లెక్కలోనే నవలిక తాలూకు భౌతిక పునాది ఉంది. రంగు ఎంత గొప్పదైనా ధరను చెప్పలేదు. ఇది పెత్రోవ్ లోపం అనటం కన్నా బొమ్మకున్న పరిమితి అనటం మేలు. మాటకు ఉన్న బలం మాటకే ఉంది.

అయితే బొమ్మకూ మాటకు లేని బలం ఒకటి ఉంది. నవలికలో శాంటియాగో తాను చంపబోయే చేపను తమ్ముడంటాడు. చదివేటప్పుడు అది ఒక భావన. చిత్రంలో ముసలివాడు కల కంటాడు. తానూ చేపా అన్నదమ్ముల్లా నీటిలోనూ ఆకాశంలోనూ కలిసి ఈదుతారు. ఇక్కడ చేప రంగూ, మనిషి రంగూ, సముద్రం రంగూ అదే గాజు మీద అదే వేలు పులిమిన అదే తడి ముద్ద. ఒకటి మరొకటిగా మారటానికి వేలు కదిపితే చాలు. మనిషికీ ప్రకృతికీ మధ్య ఉన్న బంధుత్వం అక్కడ ఉపమానం కాదు, పదార్థ సత్యం. 1958లో స్పెన్సర్ ట్రేసీ నటించిన హాలీవుడ్ చిత్రంలో నిజమైన మనిషి ఉన్నాడు. సముద్రం మాత్రం చాలాచోట్ల స్టూడియో తొట్టెగానే అనిపిస్తుంది. పెత్రోవ్ చిత్రంలో ఏదీ నిజమైనది కాదు, కాని మనిషి, చేప, నీరు ఒకే జాతివి. స్పానిష్ స్త్రీలింగంలో హెమింగ్వే చెప్పినదాన్ని పెత్రోవ్ ఈ దారిన అందుకున్నాడు.

కనుక అందం మీద ఆరోపణ సగమే నిలుస్తుంది. పేదవాడి ఆకలిని మరుగుపరిచే అందం వేరు, పేదవాడి లోపలున్న సంపదను వెలికితీసే అందం వేరు. శాంటియాగోకు గుడిసె తప్ప ఏమీ లేదు, కాని కలలో సింహాలున్నాయి. ఆ సింహాలను దరిద్రంగా చిత్రిస్తే అది వాస్తవికత కాదు. కష్టజీవులకు ఆకలే తప్ప ఊహ ఉండదనుకోవటం కూడా ఒక రకమైన తక్కువ చూపే. మన కథల్లో ఈ లోపం లేదని గుండె మీద చెయ్యి వేసుకుని ఎవరు చెప్పగలరు?

ముగింపు

ఈ చరిత్ర మనకు రెండు విషయాలు చెబుతున్నది. కళకు ప్రభుత్వ పోషణ దొరికినప్పుడు దాని వెంట ఆంక్షలూ రావచ్చు. పెట్టుబడి పోషణ దొరికినప్పుడు దాని వెంట పెద్ద తెరా, పెద్ద తెరకు తగ్గ మెరుపూ రావచ్చు. రెండింటి మధ్యా నలగకుండా బతికింది మాత్రం చేతిపని. స్వెర్ద్‌లోవ్‌స్క్‌లో ఆవును గీసిన వేలే మాంట్రియల్‌లో ముసలివాడిని గీసింది. కంప్యూటరు క్షణంలో బొమ్మలు పుట్టిస్తున్న ఈ రోజుల్లో, రెండు సెకన్ల కోసం ఒక రోజు ధారపోసిన మనిషి మనకు గుర్తుండాలి. యంత్రాన్ని అతను తిట్టలేదు, వాడుకున్నాడు. కాని తన వేలిని దానికి అప్పగించలేదు.

నవలిక చివర ఒక చిన్న దృశ్యం ఉంది. ఒడ్డున పడి ఉన్న వెన్నెముకను చూసి విహారానికి వచ్చిన స్త్రీ ఒకతె అదేమిటని అడుగుతుంది. వడ్డించేవాడు జరిగింది చెప్పబోయి సొరచేప అంటాడు. ఆమె అది సొరచేప ఎముకే అనుకుని, వాటి తోకలు ఇంత అందంగా ఉంటాయని తెలియదంటుంది. ఆమె అందం చూసింది. ఆ అందం ఏ చేపదో, దాని వెనుక ఎవరి చేతులు తెగాయో చూడలేదు. సాహిత్య విద్యార్థులూ రచయితలూ పెత్రోవ్ చిత్రం చూడాలి, తప్పక చూడాలి. ఆ రంగులకు ముగ్ధులు కావటంలో తప్పు లేదు. కాని చూసి లేచేటప్పుడు మా బడి కుర్రవాడి ప్రశ్న కూడా ఒకసారి వేసుకోవాలి: ఆ చేప ఎంతకి పోయేది?